తాతయ్య నుంచి చంటిపాప దాకా: రామోజీ ఫిల్మ్ సిటీని ఒక్క రోజులో ఎలా చూడాలి?

దసరా సెలవులకు వారం ముందు, సంక్రాంతికి ముందు, వేసవి వచ్చిందంటే ఇక రోజూ, నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మేము ఏడుగురం. పెద్దవాళ్ళు ఇద్దరు, పిల్లలు ముగ్గురు. రామోజీ ఫిల్మ్ సిటీ ఒక్క రోజులో అవుతుందా?"

అవుతుంది. అంతా చూసి తీరాలని పట్టుబడితే మాత్రం కాదు. అది 1,666 ఎకరాల స్థలం. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 1996లో మొదలైన స్టూడియో ఇప్పటికీ నడుస్తోంది, ఇటు పక్క మనం తిరుగుతుంటే అటు పక్క షూటింగ్ జరుగుతూ ఉండవచ్చు. అందుకే దాన్ని వట్టి రైడ్ల పార్కు అనుకుని వెళితే నిరాశ పడతారు. సగం స్టూడియో, సగం తిరునాళ్ళు అనుకుని వెళ్ళండి.

పిల్లల వయసు మారేకొద్దీ మేము మూడుసార్లు వెళ్ళాము. మొదటిసారి రోజంతా పరుగే, రాత్రికి ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పుడు తెలిసింది, రోజును రైడ్ల లెక్కన వేసుకోకూడదని. మీ ఇంట్లో అందరికన్నా ముందు అలసిపోయే మనిషి ఎవరో చూసి, ఆ మనిషి లెక్కన వేసుకోవాలి. కింద రాసినదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక్క మాట: మీకు కావలసింది ఇదేనా?

మీ ఇంట్లో అందరూ పదమూడేళ్ళు దాటినవారే అయి, కళ్ళు తిరిగే రైడ్లే కావాలంటే రావిర్యాల దగ్గరున్న వండర్‌లాకు వెళ్ళండి. ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర దిగితే దగ్గర. 2016లో తెరిచారు. అక్కడ పిల్లల టికెట్టు వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. నీటి రైడ్లకు నైలాన్ లాంటి బట్టలు తప్పనిసరి. చీరతోనో నూలు చుడీదారుతోనో కొలనులోకి దిగనివ్వరు. మా ఇంట్లో అత్తగారు కొలను గట్టున కూర్చుని మా చెప్పులకు కాపలా కాశారు, పాపం. పెద్దవాళ్ళు, పసివాళ్ళు కలిసి ఉన్న కుటుంబానికి ఫిల్మ్ సిటీయే నయం: కూర్చుని చూసేవి ఎక్కువ, బస్సులో తిరిగేవి ఎక్కువ.

కావలసినవి

- ఫోనులో టికెట్టు, దాని స్క్రీన్‌షాట్ కూడా (గేటు దగ్గర సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు)
- అందరికీ అలవాటైన పాత చెప్పులు లేదా బూట్లు
- మనిషికొక నీళ్ళ సీసా, నాలుగైదు ఓఆర్‌ఎస్ పొట్లాలు
- టోపీలు, ఒక గొడుగు (ఎండకైనా వానకైనా అదే)
- రోజూ వేసుకునే మందులు, చీటీతో సహా
- చంటిపిల్ల ఉంటే దాని తిండి, ఒక పలుచని దుప్పటి
- పిల్లలకు ఒక్కో జత పొడి బట్టలు
- పవర్ బ్యాంకు
- బాల్‌పాయింట్ పెన్ను. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.

బయటి తిండి లోపలికి అనుమతించరు. పులిహోర డబ్బా, జంతికల సంచి కారులోనే ఉంచి, సాయంత్రం తిరుగు ప్రయాణంలో తెరవండి. చంటిపిల్ల తిండి, మందులు, మధుమేహం ఉన్నవారికి అవసరమయ్యేవి మాత్రం దాచకుండా తనిఖీ దగ్గర చూపించి అడగండి. అడుగున దాస్తే అనుమానం వస్తుంది.

మెట్టు 1: రోజు ఎంచుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ ఓర్చుకోదగ్గట్టు ఉంటుంది. అందుకే జనమూ అప్పుడే వస్తారు. శని, ఆదివారాలు, రెండో శనివారం, పండగ మర్నాడు వద్దు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. చాలామంది మరిచిపోయేది మరొకటి ఉంది: డిసెంబరు, జనవరిల్లో మామూలు రోజుల్లో బడిపిల్లల విహారయాత్రలు వస్తాయి. ఒకేసారి పది బస్సులు ఆగాయంటే ఆ రోజు మంగళవారమైనా ఆదివారమే. బడులు తెరిచాక జూన్ చివర్లో, జులైలో మామూలు రోజులు పలుచగా ఉంటాయి; వాన పడే అవకాశం ఉన్నా మబ్బు పట్టిన రోజు దొరికితే అంతకన్నా అదృష్టం లేదు.

హెచ్చరిక: ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. డెబ్భై దాటిన వారినీ, రెండేళ్ళలోపు పిల్లలనూ అప్పుడు తీసుకెళ్ళవద్దు. సెలవులు అప్పుడే కదా అంటారా? ఆ ఇద్దరినీ ఇంట్లో ఉంచి మిగతావారు వెళ్ళండి, లేదా దసరా దాకా ఆగండి.

దసరా, దీపావళి రోజుల్లో, ఏడాది చివర్లో ప్రత్యేక ఉత్సవాలు పెడతారు. సాయంత్రం దీపాలు, ఊరేగింపు ఉంటాయి. వాటి కోసమే వెళ్ళేటట్టయితే పొద్దున్నే బయలుదేరి ఒళ్ళు హూనం చేసుకోకండి. ఆలస్యంగా మొదలుపెట్టి రాత్రి దాకా ఉండండి.

మెట్టు 2: దారి, బస

ఫిల్మ్ సిటీ హైదరాబాదు ఊళ్ళో లేదు. విజయవాడ రహదారి మీద, హయత్‌నగర్ దాటాక వస్తుంది. నగరం లోపలి నుంచి వచ్చేవారు మెట్రోలో ఎల్బీనగర్ దాకా వచ్చి (మియాపూర్ మార్గంలో అదే చివరి స్టేషను), అక్కడి నుంచి బస్సో ఆటోనో పట్టుకోవచ్చు. కారులో ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వచ్చేవారికి పెద్ద అంబర్‌పేట దగ్గరున్న 11వ ఎగ్జిట్.

విజయవాడ, గుంటూరు, ఖమ్మం వైపు నుంచి వచ్చేవారికి ముఖ్యంగా చెబుతున్నాను: మీరు హైదరాబాదు వెళ్ళి మళ్ళీ వెనక్కి రానక్కరలేదు. గేటు మీ దారిలోనే తగులుతుంది. చాలామంది రాత్రి బస్సు ఎక్కి హైదరాబాదు పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లో దిగి, ముఖాలు కడుక్కుని, మళ్ళీ ముప్పై కిలోమీటర్లు వచ్చిన దారినే వెనక్కి వస్తారు. అలాగని రాత్రి బస్సులోంచి తెల్లవారుజామున నాలుగింటికి గేటు ముందు దిగితే తొమ్మిది దాకా పిల్లలతో రోడ్డు పక్కన పడిగాపులే. పగటి బస్సులో ముందు రోజు వచ్చి, హయత్‌నగర్‌లోనో ఎల్బీనగర్‌లోనో రాత్రి బస చేయండి.

ఫిల్మ్ సిటీ లోపల సితార, తార లాంటి హోటళ్ళు ఉన్నాయి. ఖర్చు ఎక్కువ. నడవలేని పెద్దవాళ్ళు ఉంటే మాత్రం ఆ డబ్బు వృథా కాదు: మధ్యాహ్నం రెండు గంటలు గదిలో నడుం వాల్చి, నాలుగింటికి మళ్ళీ బయటికి రావచ్చు.

మెట్టు 3: ముందురోజు రాత్రి పని

టికెట్టు ఆన్‌లైన్‌లో తీసుకోండి. ధరలు సీజనును బట్టి మారతాయి కాబట్టి నేను అంకెలు రాయడం లేదు. కొనేముందు రెండు సంగతులు చూడండి. మామూలు టికెట్టులో ఏవేవి ఉన్నాయి, ఏవి వేరుగా కొనాలి? పెద్ద ప్యాకేజీలో ఏసీ బస్సు, భోజనం కలిసి ఉన్నాయా? పెద్దవాళ్ళు ఉన్న ఇంటికి, ఎండ రోజుల్లో, ఏసీ బస్సు ఉన్న ప్యాకేజీ మంచిదని నా అభిప్రాయం. యువ జంటకు అనవసరం.

తరవాత పిల్లల ఎత్తు కొలవండి. తలుపు వారన నిలబెట్టి, నెత్తిన పుస్తకం ఆనించి గీత గీయండి. ఎత్తు కొలిచే కర్ర దగ్గర మా చిన్నవాడు మూడు వేళ్ళు తగ్గాడు. అరగంట క్యూలో నిలబడ్డాక! వాడి ఏడుపు పార్కు గేటు దాకా వినిపించింది. తప్పు కర్రది కాదు, ముందు కొలవని నాది. "నువ్వు ఇవి ఎక్కవచ్చు, ఇవి వచ్చే ఏడాది" అని ఇంట్లోనే చెప్పి తీసుకెళ్ళండి.

ఇక పెన్ను. పొద్దున్నే పిల్లల ముంజేతి మీద లోపలివైపు మీ ఫోను నంబరు రాయండి. చొక్కా జేబులో పెట్టిన చీటీ చెమటకు కరిగిపోతుంది, లేదా వాడే పడవ చేసి నీళ్ళలో వదిలేస్తాడు. చేతి మీద అంకెలు సాయంత్రానికి కాస్త చెరిగినా చదవడానికి ఉంటాయి. మధ్యాహ్నం ఒకసారి దిద్దండి. ఫోను వాడని పెద్దవాళ్ళకు కూడా కార్డు మీద నంబరు రాసి సంచిలో వేయండి.

మెట్టు 4: గేటు తెరిచేసరికి అక్కడ ఉండండి

తొమ్మిదికి తెరుస్తారు. ఎనిమిదిన్నరకే చేరండి, ఇంట్లోనో హోటల్లోనో టిఫిన్ కడుపునిండా తిని మరీ. ప్రధాన ద్వారం దగ్గర తనిఖీ అయ్యాక వాళ్ళ బస్సులోనే లోపలికి వెళ్ళాలి. గేటుకూ అసలు పార్కుకూ మధ్య చాలా దూరం. ఆ బస్సు దింపేది యురేకా అనే ప్రాంగణం దగ్గర. పొద్దున స్వాగత కార్యక్రమం జరిగేదీ అక్కడే.

కారు పెట్టిన చోట వరస నంబరు కనిపించేటట్టు ఫొటో తీయండి. రాత్రి చీకట్లో తెల్ల కార్లన్నీ మీ కారులాగే ఉంటాయి.

వీల్‌చైర్ కావాలంటే మొదటే అడగండి. "అమ్మ నడుస్తుందిలే" అనుకోకండి. అమ్మ నడుస్తుంది, పన్నెండింటి దాకా.

మెట్టు 5: గడియారానికి కట్టుబడినవి, క్యూకు కట్టుబడినవి విడదీయండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది. దిగగానే ఆ రోజు ప్రదర్శనల వేళల పట్టిక ఫొటో తీసుకోండి. లోపల ఉన్నవన్నీ రెండు రకాలు. కొన్ని గంట ప్రకారం జరుగుతాయి: వైల్డ్ వెస్ట్ స్టంట్ ప్రదర్శన, స్పిరిట్ ఆఫ్ రామోజీ నృత్య ప్రదర్శన. అవి మీ కోసం ఆగవు. మిగతావి, ఫండుస్తాన్‌లోని పిల్లల రైడ్ల లాంటివి, ఎప్పుడు వెళ్ళినా ఉంటాయి. క్యూ ఎంత అన్నదే ప్రశ్న.

పట్టికలోంచి రెండే రెండు ప్రదర్శనలు ఎంచుకోండి, ఒకటి భోజనానికి ముందు, ఒకటి తరవాత. వాటిని మేకులు అనుకోండి. మిగతావన్నీ ఆ మేకులకు తగిలించే బట్టలు. మూడు మేకులు కొట్టారంటే రోజంతా ఒక ప్రదర్శన నుంచి మరొక దానికి పరుగే. మా మొదటి ప్రయాణం అలాగే గడిచింది.

మెట్టు 6: స్టూడియో టూరు పొద్దున్నే ముగించండి

ఎర్రబస్సులో గైడుతో తిప్పే స్టూడియో టూరే ఆ స్థలం ప్రాణం. అందరూ ముందు రైడ్ల వైపు పరుగెత్తి, పదకొండు తరవాత బస్సు క్యూలోకి వస్తారు. మీరు తిరగేసి చేయండి. ఎండ ముదరక ముందే, పెద్దవాళ్ళ మోకాళ్ళు సహకరిస్తున్నప్పుడే, బస్సెక్కండి.

చూడవలసిన చోట చూడటం కూడా తెలియాలి. అక్కడ ఒకే భవనానికి ఒక్కో పక్క ఒక్కో ముఖం ఉంటుంది: ముందు నుంచి చూస్తే ఒకటి, చుట్టూ తిరిగి వెళితే ఇంకొకటి. పిల్లలకు ముందే చెప్పి, "వెనక ఏముందో కనిపెట్టు" అని పందెం వేయండి. విమానాశ్రయం సెట్టు, రైల్వే స్టేషను సెట్టు దగ్గర గోడను వేలితో తట్టి చూడమనండి. ఇటుక అనుకున్నది డొల్లగా మోగుతుంది. మా అత్తగారు గుడి సెట్టు ముందు చెప్పులు విడిచి కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నారు. కళ్ళు తెరిచాక లోపల విగ్రహం లేదు. ఏ సినిమాకు ఏ దేవుడు కావాలో చూసి పెడతారట. "అయితే ఏముంది, ఎవరు వస్తే వారికే చేరుతుంది" అని చెప్పులు వేసుకున్నారు.

బాహుబలి సెట్టు దగ్గర అందరూ ఒకే చోట ఫొటోకు గుమికూడుతారు. యాభై అడుగులు పక్కకు జరిగితే జనం లేని ఫొటో వస్తుంది. బస్సు ఆపిన ప్రతిచోటా ఎన్ని నిమిషాలో గైడును అడిగి దిగండి.

ప్రత్యామ్నాయం: పెద్దవాళ్ళు ఎక్కి దిగలేకపోతే, ఒకరు వారితో బస్సులోనే కూర్చుని తరవాతి చోట మరొకరితో మారండి. ప్రతిచోటా అందరూ దిగాలన్న నియమం ఏదీ లేదు.

మెట్టు 7: భోజనం పన్నెండింటికి

ఒంటిగంటకు కాదు, పన్నెండింటికి. ఒంటిగంటకు ఊరంతా తింటుంది. పన్నెండింటికి వెళితే బల్ల దొరుకుతుంది, పెద్దవాళ్ళు తీరిగ్గా తింటారు, మీరు లేచేసరికి క్యూ గుమ్మం దాటి ఉంటుంది. పిల్లలకు పెరుగన్నంతో ముగించండి. గిర్రున తిరిగే రైడు ముందు బిరియానీ వద్దు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో వివరంగా అడగకండి.

మెట్టు 8: ఎండ వేళ నీడలో

పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా కప్పు ఉన్నవి చూడండి. మూవీ మ్యాజిక్ దీనికి సరైనది: ప్రేక్షకుల్లోంచే ఒకరిని పిలిచి కదలని బండి మీద కూర్చోబెట్టి చిత్రిస్తారు, మరో గదిలో శబ్దాలు కలుపుతారు, చివర్లో బండి పరుగెత్తుతున్న సినిమా చూపిస్తారు. పిల్లను ముందు వరసలో కూర్చోబెట్టి చెయ్యెత్తమనండి. ఫిల్మీ దునియా కూడా ఈ వేళకే.

హెచ్చరిక: బోరాసుర భయపెట్టే చోటు. ఆరేళ్ళలోపు పిల్లలను తీసుకెళ్ళకండి. అన్న వెళ్ళాడని తమ్ముడూ వెళితే రాత్రి మూడింటికి మీరే లేవాలి. గుండె జబ్బు, వెన్నునొప్పి, అధిక రక్తపోటు ఉన్నవారూ, గర్భిణులూ కుదుపు రైడ్ల జోలికి పోవద్దు. బోర్డు మీద రాసి ఉంటుంది, చదవండి.

మెట్టు 9: ఎండ తగ్గాక రెండుగా విడిపోండి

మూడున్నరకు కుటుంబం రెండు జట్లు కావాలి. పిల్లలూ ఓపిక ఉన్నవారూ రైడ్లకు. పెద్దవాళ్ళూ చంటిపిల్లా తోటలకు, సీతాకోకచిలుకల పార్కుకు, పక్షుల పార్కుకు. అవి దూరంగా ఉంటాయి, బస్సులోనే వెళ్ళాలి. ఆఖరి బస్సు ఎప్పుడో అడిగాకే బయలుదేరండి. మళ్ళీ కలిసే చోటు ఫోనులో చెప్పుకునేది కాదు, ముందే చూసి పెట్టుకున్నది కావాలి: "ఆ ఫౌంటెన్ దగ్గర, ఐదున్నరకు."

విడిపోవడానికి చాలామందికి మనసొప్పదు. కలిసి వచ్చాం, కలిసే తిరగాలంటారు. ఏడుగురూ కలిసే తిరిగితే ఆరుగురు ఎప్పుడూ ఒకరి కోసం ఎదురు చూస్తూ ఉంటారు.

తరచుగా చేసే పొరపాట్లు

కొత్త చెప్పులు. ప్రయాణానికని కొన్న కొత్త బూట్లు పదకొండింటికి మడమ కొరుకుతాయి. వారం ముందు నుంచే వేసుకు తిరగండి.

గేటు దగ్గరే బొమ్మలు కొనడం. పొద్దున కొన్న బొమ్మను రోజంతా మోసేది మీరే. "సాయంత్రం ఒకటి, ఇంత లోపు" అని పిల్లలకు ముందే డబ్బు చెప్పండి; రోజంతా ఏది కొనాలో ఎంచుకోవడంలో వారికే ఒక ఆట దొరుకుతుంది.

ఫోనులోంచే చూడటం. స్టంట్ ప్రదర్శనను పూర్తిగా వీడియో తీసిన మా తోడల్లుడు దాన్ని ఇంతవరకు ఒక్కసారీ తెరవలేదు. రెండు నిమిషాలు తీసి జేబులో పెట్టండి.

దాహం వేశాకే నీళ్ళు తాగడం. పిల్లలకు ఆటలో దాహం తెలియదు. ప్రతి క్యూలోనూ రెండు గుక్కలు అని నియమం పెట్టండి.

సరిగ్గా సాగుతోందా? ఇలా చూసుకోండి

పదకొండున్నరకు: స్టూడియో టూరు చివరికి వచ్చి ఉండాలి. ఇంకా క్యూలోనే ఉంటే ఒక ప్రదర్శన వదిలేయండి, భోజనం మాత్రం వదలకండి.

రెండింటికి: ఎవరైనా మూడు గంటలుగా బాత్రూముకు వెళ్ళలేదా? అయితే నీళ్ళు చాలలేదేమో. తలనొప్పి, వికారం, ఒళ్ళు కాలడం ఉంటే నీడకు చేర్చి ఓఆర్‌ఎస్ ఇవ్వండి, తడిగుడ్డతో తుడవండి. తగ్గకపోతే, లేదా మాట తడబడితే, వెంటనే సిబ్బందిని పిలిచి వైద్యసాయం అడగండి.

నాలుగింటికి: మాట్లాడటం మానేసిన మనిషి ఎవరో చూడండి. పెద్దవాళ్ళు "అలసిపోయాను" అనరు, ఊరికే వెనకబడతారు. పిల్లలు "అలసిపోయాను" అనరు, దెబ్బలాడతారు. రెంటికీ మందు ఒకటే: ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి చల్లటిదేదైనా చేతికివ్వడం.

చీకటి పడేముందు: గేటుకు వెళ్ళే బస్సు క్యూ చూడండి. ముగింపు అవగానే జనమంతా ఒక్కసారిగా అటే కదులుతారు. పిల్లలు నిద్రకు జోగుతుంటే పది నిమిషాల ముందే లేచి బస్సెక్కండి; తీరిగ్గా చూడాలనుంటే ఆ జనం పోయేదాకా దీపాల కింద కూర్చోండి. కారులోకి ఎక్కేముందు పిల్లలకు పొడి బట్టలు మార్చండి, పులిహోర డబ్బా చేతికందేలా పెట్టండి. హయత్‌నగర్ దాటకముందే అది ఖాళీ అవుతుంది.